రత్తాలు దిగిరాని శనివారం

లీలావతి ఇంట్లో రెండు ఫ్రీజర్లుంటాయి. ఒకదాని మీద "మనది", రెండోదాని మీద "వాళ్ళది" అని తెలుగులో రాసి అంటించింది. మనదాంట్లో కొబ్బరి తురుము, గోంగూర, మునక్కాడ ముక్కలు ఉంటాయి. వాళ్ళదాంట్లో ఎలుకలు, కౌజుపిట్టలు, ఒక్కరోజు వయసు కోడిపిల్లలు గడ్డకట్టి, సంచుల్లో వరసగా పడుకుని ఉంటాయి. ఏర్పాటు బాగానే ఉంది గానీ, అమెరికాలో, క్యారీ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లలకి తెలుగు చదవడం రాదన్న సంగతి ఆమెకి తట్టలేదు. ఏడేళ్ళ కిందట ఏదో పుట్టినరోజు నాడు ఐస్‌క్రీమ్ కోసం వెళ్ళిన సాన్వి అనే పిల్ల రెండో ఫ్రీజర్ తెరిచింది. ఆ పిల్ల పెట్టిన కేక ఇప్పటికీ ఆ వీధిలో కొందరి చెవుల్లో ఉంది.

అప్పటినుంచి తెలుగువాళ్ళు లీలావతిని భోజనానికి పిలుస్తారు గానీ, ఆమె ఇంట్లో భోజనానికి కూర్చోరు. వచ్చినా "ఇప్పుడే తినేసొచ్చామండీ" అంటారు. పిల్లలు ఆమెని ఎలుకల ఆంటీ అంటారు. పెద్దవాళ్ళు కూడా అదే అంటారు, కాకపోతే ఆమె వినకుండా.

దీనికి ఆమెకన్నా ఎక్కువ కుమిలిపోయేవాడు ఆమె భర్త ధర్మారావు. పదిమందికి వడ్డించకపోతే ఆయనకి తిన్నది అరగదు. గుడిలో అన్నదానం జరిగితే సాంబారు బకెట్ ఆయనదే. చాలని విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా, వేళ్ళ సందుల్లోంచి పోసే రకం. వారంలో నాలుగు రోజులు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తాడు. మిగతా మూడు రోజులు ఎవరికైనా ఏదైనా తినిపించగలనా అని చూస్తుంటాడు. గడ్డి కోసే మనిషికి ఉప్మా పెడతాడు. పార్సిల్ తెచ్చినవాడికి జంతికలు పెడతాడు. పెరట్లోకొచ్చే రకూన్ అనే అడవి జంతువుకి ఒకసారి పెసరట్టు పెట్టాడు. అది అల్లం ఏరి పక్కన పెట్టి మిగతాది తిందని ఇప్పటికీ గొప్పగా చెబుతాడు.

అందుకే పక్షుల మేత దగ్గరికి మాత్రం లీలావతి ఆయన్ని రానివ్వదు.

క్యారీ దాటి అరగంట కార్లో వెళితే, పైన్ చెట్ల మధ్య అయిదెకరాల స్థలంలో ఉంటుంది ఆమె గద్దల సెంటర్. ఆమెదని అనడమే గానీ, నిజానికి అది డొరొతి అనే పెద్దావిడది. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం చేసుకుంటూ శనివారాలు సరదాగా సాయానికి వెళ్ళేది లీలావతి. ఒకనాడు డొరొతి, "మోకాళ్ళు నొప్పులు, ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళొస్తా, రెండు వారాలు చూసుకో" అని తాళాలు చేతిలో పెట్టింది. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట. మోకాళ్ళు ఇంకా కుదుటపడినట్టు లేవు. లీలావతి ఉద్యోగం మానేసింది, లైసెన్సులు తన పేరు మీదికి మార్పించుకుంది, పట్టుచీరలన్నీ బీరువా పై అరలోకి ఎక్కించింది. డేగకీ పట్టుచీరకీ పడదు. డేగ రెట్ట వెనక్కి ఆరడుగులు చిమ్ముతుంది, గురి కూడా మంచిదే.

సెంటర్‌లో పదకొండు పక్షులున్నాయి. కారు గుద్దినవీ, తీగలు తగిలినవీ, మనుషుల చేతుల్లో పెరిగి అడవి మరిచిపోయినవీ. వాటికి లీలావతి ముఖాలు చూసి పేర్లు పెట్టింది. మెడ లోపలికి ముడుచుకుని అందరినీ అనుమానంగా చూసే రాబందు కరణంగారు. తల గిర్రున తిప్పి వెనక బెంచీవాళ్ళని కూడా పట్టేసే గుడ్లగూబ పేరిందేవి టీచర్. అందరిలోకీ గడుసుది రత్తాలు. అది హ్యారిస్ జాతి ఆడ డేగ. కాఫీ గింజ రంగు ఒళ్ళు, ఇటుక రంగు భుజాలు. ఏడేళ్ళుగా లీలావతి ఎడమచేతి మీద పెరిగింది. శని ఆదివారాల్లో చూడ్డానికొచ్చిన జనం తలల మీదుగా ఎగిరి, ఈల వేస్తే గ్లవ్ మీద వాలుతుంది.

వాలడం ప్రేమతో అని పిల్లలకి చెబుతారు. నిజం చెప్పాలంటే ఆకలితో. రోజూ పొద్దున్నే లీలావతి ప్రతి పక్షినీ తక్కెడ మీద నిలబెట్టి, బరువు పలక మీద రాస్తుంది. రత్తాలు తొమ్మిదివందల ముప్ఫై గ్రాములుంటే పిలిచిన వెంటనే వస్తుంది. తొమ్మిదివందల అరవై అయితే ఆలోచించి వస్తుంది. వెయ్యి దాటిందా, చెట్టెక్కి కూర్చుని, నువ్వెవరో నేనెవరో అన్నట్టు చూస్తుంది. నిండిన కడుపుకి ఎవరి ఈలా వినబడదు. ఈ విద్యకంతటికీ మూలం ఆ ఒక్క ముక్కే.

ఫిబ్రవరిలో ఒక రోజు విశ్వనాథం గారు సెంటర్‌కి వచ్చారు. ఊరి చివర కొత్తగా కట్టిన నరసింహస్వామి గుడికి ఆయనే కమిటీ అధ్యక్షుడు. లెక్కల మనిషి. కొబ్బరికాయ ఎన్నో నిమిషంలో కొట్టాలో కూడా ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది.

"లీలావతి గారూ, ఏప్రిల్లో మన కుంభాభిషేకం" అన్నారు, కరణంగారి పంజరానికి కాస్త ఎడంగా నిలబడి. "ఇండియాలో అయితే ముహూర్తానికి గరుడపక్షి తనంతట తనే వచ్చి గోపురం మీద తిరుగుతుంది. ఇక్కడ మనకేం వస్తుందమ్మా? కాకులొస్తాయి. అందుకని..."

"గరుడపక్షికి తల తెల్లగా ఉంటుందండీ. నా దగ్గర అది లేదు. రత్తాలుంది, అది ఆరిజోనా వైపు డేగ."

"ఎరుపుందా ఎక్కడైనా?"

"భుజాలెరుపు."

"చాలు. స్వామి వీసా అడగడు" అని, ఫోన్ తీసి షీట్‌లో ఒక గడి చూపించారు. పది గంటల నలభై రెండు నిమిషాలు, గరుడ దర్శనం. అప్పటికే నింపేసి ఉంది. "ఒక్కటే కండిషన్. ముక్క మాత్రం గుడి హద్దు దాటి లోపలికి రాకూడదు. హోమగుండాలుంటాయి."

"ముక్క లేకపోతే అది నా మొహం చూసి వస్తుందాండీ?"

"అది మీరు మేనేజ్ చేయాలి."

వద్దని అనాల్సింది. ఏడేళ్ళు చేతిలో పెరిగిన పక్షి, సొంతంగా ఒక్క ఎలుకని కూడా పట్టుకోలేదు. కొత్త చోట తప్పిపోతే బతకదు. అదంతా లీలావతికి తెలుసు. కానీ అయిదు వందల మంది తెలుగువాళ్ళు తలలెత్తి నమస్కారం పెడుతుంటే, వాళ్ళలో సాన్వి వాళ్ళమ్మ కూడా ఉంటే ఎలా ఉంటుందో ఒక్క క్షణం కళ్ళముందు కనబడింది. "సరేనండీ" అనేసింది.

గుడికి పడమట చర్చి పార్కింగ్ లాట్, తూర్పున రోడ్డు. చర్చి వైపు నుంచి లీలావతి వదలాలి. రోడ్డు అవతల ధర్మారావు గ్లవ్ తొడుక్కుని, దాని మీద కౌజుపిట్ట ముక్క పెట్టుకుని నిలబడాలి. మధ్యలో గోపురం. డేగ అటు నుంచి ఇటు ఎగిరితే గోపురం మీదుగా పోక తప్పదు, ముక్క గుడిలోకి రానక్కరలేదు. మూడు వారాలు సెంటర్‌లో కొట్టం కప్పు మీదుగా ప్రాక్టీస్ చేశారు. జన్మలో గుడ్డు కూడా ముట్టని ధర్మారావు గ్లవ్ మీద పిట్టకాలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి నిలబడేవాడు. రత్తాలు వచ్చి వాలినప్పుడల్లా "వచ్చిందా?" అని అడిగేవాడు.

"చేతి మీద కేజీ బరువు దిగితే తెలీదుటండీ?"

"తెలుస్తుంది. నువ్వు చెబితే ధైర్యం."

శనివారం ముహూర్తం. పొద్దున్న ఆరింటికి రత్తాలు బరువు తొమ్మిదివందల ముప్ఫై రెండు. లీలావతి పలక మీద రాసి, తృప్తిగా ఇంటికెళ్ళి, తొమ్మిదేళ్ళ తరవాత పై అరలోంచి మామిడిపండు రంగు కంచిపట్టు దింపింది. ముక్కల డబ్బా కారెక్కించి, సెంటర్‌ నుంచి రత్తాలుని పెట్టెలో కూర్చోబెట్టి చర్చి దగ్గరికి తీసుకురమ్మని ధర్మారావుకి అప్పజెప్పింది.

పది గంటల నలభైకి రత్తాలుని చేతి మీద ఎక్కించుకుని చర్చి లాట్‌లో నిలబడింది. ఫోన్‌లో ధర్మారావు, "రెడీ" అన్నాడు. గొంతులో ఏదో తేడా ఉంది, భక్తి అనుకుంది. గుడి లోపల నాదస్వరం అందుకుంది. గోపురం చుట్టూ కట్టిన మెట్ల మీద పూజారులు కలశాలెత్తుకుని నిలబడ్డారు. నలభై రెండు. లీలావతి చెయ్యి విసిరింది.

రత్తాలు లేచింది. నాలుగుసార్లు రెక్క కొట్టింది, బద్ధకంగా, మధ్యాహ్నం భోజనం చేసి మంచమెక్కే మనిషిలా. గోపురం దాకా వెళ్ళి, రాగి కలశాల పక్కన దిగి, కూర్చుంది.

అయిదు వందల గొంతులు "గోవిందా!" అన్నాయి. పూజారులు కలశాల నీళ్ళు పోశారు. సగం గోపురానికి, సగం రత్తాలుకి. తడిసిన డేగ ఏం చేస్తుంది, ఒళ్ళు విదిల్చుకుని, ఎండకి వీపు తిప్పి, రెండు రెక్కలూ బారుగా చాపింది. ఇటుక రంగు భుజాలు ధగధగ మెరిశాయి. కింద ముసలివాళ్ళు ఏడ్చారు. పడుచువాళ్ళు వీడియోలు తీశారు. విశ్వనాథం గారు పంచె చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ గుడికీ చర్చికీ మధ్య కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

"అమ్మా! ఎగరమంటే రెక్కలు చాపి సాక్షాత్తూ గరుడుడిలా కూర్చుంది! ఇది షీట్‌లో లేదమ్మా!"

లీలావతి ఈల వేస్తోంది. ఒకటి, రెండు, పది. గ్లవ్ మీద కోడిపిల్లని ఊపుతోంది. పట్టుచీరలో ఒక మనిషి చర్చి ముందు నిలబడి, గుడి గోపురానికి చచ్చిన కోడిపిల్లని చూపించడం బయటివాళ్ళకి ఎలా కనబడుతుందో ఆలోచించే ఓపిక ఆమెకి లేదు. "దిగవే తల్లీ, దిగవే" అని గొణుగుతోంది. కంచె అవతల నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు అది స్తోత్రమనుకుని తామూ కళ్ళు మూసుకున్నారు.

ధర్మారావు రోడ్డు దాటి నెమ్మదిగా వచ్చాడు. గ్లవ్ చంకలో ఉంది.

"అలసిపోయిందేమో, లీలా" అన్నాడు.

"నాలుగు వందల అడుగులు ఎగిరితే అలుపేంటండీ? పొద్దున్న బరువు కరెక్ట్‌గా ఉంది. ఆకలేస్తుంటే దిగక చస్తుందా?"

ధర్మారావు గుడి వైపు చూశాడు. చర్చి వైపు చూశాడు. చెప్పుల వైపు చూశాడు.

"ఏవండీ."

"ఊఁ."

"ఎంత పెట్టారు?"

"రెండే."

"రెండు ముక్కలా?"

"రెండు పిట్టలు" అన్నాడు ధర్మారావు, తల పైకెత్తకుండా. "శుభమా అని గుడికి బయల్దేరుతోంది లీలా. ఖాళీ కడుపుతో ఎలా పంపను? మా అమ్మ ఎవరినైనా అలా గడప దాటనిచ్చిందా? కనీసం పెరుగన్నం... అది పెరుగన్నం తినదాయె."

లీలావతి నోరు తెరిచింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో దాచుకున్న మాటలన్నీ ఒకేసారి గొంతు దాకా వచ్చి, ఏది ముందు పోవాలో తేల్చుకోలేక అక్కడే ఆగిపోయాయి. చివరికి, "కళ్ళు మూసుకునే పెట్టారా?" అంది.

"మొదటిది మూసుకుని పెట్టాను. అది మరీ ఆశగా తింటోంది, రెండోది చూస్తూనే పెట్టాను." ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

రెండు కౌజుపిట్టలంటే డేగకి పెళ్ళి భోజనం. ఇక మర్నాటిదాకా అది ఎవరి మాటా వినదు. మధ్యలో రాత్రి ఉంది. చర్చి వెనక పైన్ చెట్లలో అడవి గుడ్లగూబలున్నాయి, పేరిందేవి టీచర్‌కి రెండింతలుంటాయి. నిద్రపోతున్న డేగ వాటికి ఫలహారం. ఈ మాట లీలావతి పైకి అనలేదు. అనకపోయినా ధర్మారావు మొహం పాలిపోయింది.

మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నారు. ఎండ తిరిగాక రెక్కలారిన రత్తాలు గోపురం దిగి, చర్చి వెనక ఎత్తయిన పైన్ చెట్టెక్కింది. చర్చి చూసుకునే వాకర్ అనే పెద్దాయన రెండు మడత కుర్చీలు తెచ్చి వేసి, మొదట ఏం పోయిందని అడిగి, తరవాత తనూ ఒక కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. గుడి నుంచి పులిహోర, దద్ధోజనం, చక్కెరపొంగలి వస్తూనే ఉన్నాయి. తెచ్చిపెట్టింది ఎవరో కాదు, సాన్వి వాళ్ళమ్మ.

"లీలావతి గారూ, గరుడుడు మీ దగ్గరే ఉంటాడటగా?" అంది, గొంతు తగ్గించి. "ఒకసారి పిల్లల్ని తీసుకుని రావచ్చా?"

ఏడేళ్ళుగా ఎదురుచూసిన మాట. ఆ పూట అది చెవికెక్కలేదు. "రండి" అని చెట్టు వైపే చూస్తూ అంది. ధర్మారావు మాత్రం, జీవితంలో మొదటిసారి, చేతిలోకొచ్చిన విస్తరిని పక్కన పెట్టేశాడు.

ఆదివారం తెల్లవారీ తెల్లవారకుండా ఇద్దరూ మళ్ళీ అక్కడే ఉన్నారు. తోకకి కట్టిన బుల్లి ట్రాన్స్‌మీటర్ ఇంకా అదే చెట్టు నుంచి, లీలావతి చేతిలోని రేడియోలో కూస్తోంది. కూస్తోందంటే తోక అక్కడుందని. తోకతో పాటు మిగతా డేగ ఉందో లేదో తెలియదు. వెలుతురు వచ్చాక రెండో కొమ్మ మీద, ఒంటికాలి మీద, మెడ ముడుచుకుని కనబడింది. లీలావతి కళ్ళు తుడుచుకుని, ఎవరూ చూడలేదు కదా అని పక్కకి చూసింది. ధర్మారావు కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుస్తున్నాడు, చాలాసేపటి నుంచి తుడుస్తున్నాడు.

ఎనిమిదింటికి లీలావతి ఈల వేసింది, రత్తాలు రాలేదు. తొమ్మిదింటికి తల తిప్పింది. పదింటికి చర్చికి జనం రావడం మొదలెట్టారు. లాటంతా కార్లు. ఇంకేం దిగుతుంది! పదకొండున్నరకి ప్రార్థన ముగిసింది. అప్పటికి వాకర్ లోపల చెప్పినట్టున్నాడు. కోట్లు, టోపీలు వేసుకున్న రెండు వందల మంది బయటికొచ్చి, ఒక్కరు కూడా కారు స్టార్ట్ చేయకుండా, కాఫీ కప్పులు పట్టుకుని మెట్ల మీదే నిలబడిపోయారు. కంచె అవతల ఆదివారం అర్చనకొచ్చిన మనవాళ్ళు, చేతుల్లో పళ్ళేలతో. ఆ ఊళ్ళో అంతమంది ఒకేసారి నోరు మూసుకోవడం అదే మొదలు.

లీలావతి చెయ్యి చాచి ఈల వేసింది. రత్తాలు కొమ్మ వదిలింది.

నేరుగా వచ్చింది. ఆమె గ్లవ్ కేసి, కోడిపిల్ల కేసి, ఏడేళ్ళ అనుబంధం కేసి వచ్చి, తల మీదుగా జారి వెళ్ళిపోయింది.

వెనక కారు పక్కన మడత కుర్చీలో ధర్మారావు ఒళ్ళో ముక్కల డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. రత్తాలు ఆ డబ్బా మూత మీద వాలింది. ధర్మారావు మొహానికీ డేగ మొహానికీ మధ్య జానెడు దూరం.

"లీలా" అన్నాడు, పెదవులు కదపకుండా. "వచ్చింది."

"కదలకండి. గ్లవ్ తొడుక్కోండి. నెమ్మదిగా."

"ఒళ్ళోనే ఉంది. తొడుగుతున్నా."

"మూత కింది నుంచి ముక్క తీయండి. ఒట్టి చేత్తో. కళ్ళు మూయకండి!"

ధర్మారావు కళ్ళు మూయలేదు. వేళ్ళు లోపలికి దూర్చి, మెత్తగా చల్లగా తగిలినదాన్ని పట్టుకున్నాడు. ముప్ఫై తరాల శాకాహారం ఆ వేళ్ళ చివర ఒకసారి వణికింది. గ్లవ్ మీద పెట్టాడు. రత్తాలు దాన్ని చూసింది, ఆయన్ని చూసింది, పెద్దమనిషిలా అడుగేసి గ్లవ్ మీదికి ఎక్కింది.

"కాళ్ళకి తోలు పట్టీలున్నాయి చూడండి. బొటనవేలి కింద నొక్కి పట్టండి."

"పట్టాను."

"గట్టిగానా?"

"ప్రాణం పోయినా వదలను."

చర్చి మెట్ల మీద ఎవరో చప్పట్లు కొట్టబోతే వాకర్ చెయ్యెత్తి ఆపాడు. లీలావతి నడిచి వచ్చి, పట్టీలకి తాడు తగిలించి, తాడు కొస తన వేలికి రెండు చుట్లు చుట్టుకుని, అప్పుడు ఊపిరి వదిలింది. రెండు వైపులా ఒకేసారి గోల. మెట్ల మీద చప్పట్లు, కంచె మీద గోవిందలు. లీలావతి కుర్చీ పక్కనే, తారు మీదే, చతికిలబడింది.

నిన్నటి నుంచి కూడబెట్టిన తిట్లన్నీ ఇప్పుడు వరసగా తీద్దామని ధర్మారావు వైపు తిరిగింది. ఆయన ఆమెని చూడటంలేదు. రత్తాలు కోడిపిల్లని ముక్కుతో చీల్చి తింటుంటే రెప్ప వేయకుండా చూస్తున్నాడు. దాని నోటి నుంచి జారిన చిన్న ముక్కని రెండు వేళ్ళతో తీసి మళ్ళీ దాని ముందు పెడుతున్నాడు.

"పాపం, ఒక రోజంతా పస్తు" అన్నాడు. "లీలా, డబ్బాలో ఇంకోటుంది. సగం..."

"ఏవండీ!"

"సగంలో సగం."

లీలావతి లేచి ముక్కల డబ్బా లాక్కుంది.

సోమవారం పొద్దున్న సెంటర్‌లో పలక మీద రత్తాలు గడిలో తొమ్మిదివందల ఇరవై ఎనిమిది అని ఉంది. దాని కింద కొత్తగా ఇంకో గడి గీసి ఉంది. అందులో "ధర్మారావు" అని, ఎదురుగా, "మేతకి పది అడుగుల దూరం" అని లీలావతి చేతిరాత. అక్షరాలు చెరిగిపోకుండా ఒకటికి రెండుసార్లు దిద్దింది.

సాయంత్రం సాన్వి వాళ్ళమ్మ పిల్లలతో సెంటర్‌కి వచ్చింది. రత్తాలుని చూసి దండం పెట్టింది, అక్కణ్ణించి లీలావతి ఇంటికొచ్చి కూర్చుంది. "ఇప్పుడే తిన్నామండీ" అనబోయి, ఎదురుగా వేడి పెసరట్ల పళ్ళెంతో నిలబడ్డ ధర్మారావుని చూసి ఆగింది. విస్తరి లేదు కాబట్టి అడ్డం పెట్టడానికి చేతులు ఎక్కడ పెట్టాలో ఆవిడకి తెలియలేదు. మూడు తింది.